తోడు గీతలు

ఊళ్ళో అతన్ని ఈకల మేస్త్రి అనేవారు. కోళ్ళ వ్యాపారం కాదు, పక్షుల పిచ్చీ కాదు. అతని పనిసంచీలో కుంచెల కంటే ఈకలు ఎక్కువ. బాతు ఈకలు, కోడి ఈకలు, ఎవరో తెచ్చిచ్చిన రెండు హంస ఈకలు. ఆ హంస ఈకల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు. భార్య ఒకసారి తెలియక వాటితో కిటికీ దుమ్ము దులిపితే మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నాలుగో రోజు ఆమే, "ఏమయ్యా, కోపం నా మీదా, కిటికీ మీదా?" అని అడిగితే నవ్వు ఆపుకోలేకపోయాడు. అలాంటి మనిషి. కోపం వచ్చేది గాని నిలవ ఉండేది కాదు.

ఆ ఈకలతో అతను గుడి స్తంభాల మీద గీతలు గీసేవాడు. గుడి సంగతి ముందు చెప్పాలి. ఊరి నడిబొడ్డున రెండు వందల ఏళ్ళ నాటి కతోలిక గుడి. లోపల అడుగు పెట్టగానే ఎవరికైనా తల దానంతట అదే పైకి లేస్తుంది. నీలం రంగు కమాను కప్పు, దాని నిండా బంగారు చుక్కలు. కప్పు అంచున వరసగా దేవదూతల ముఖాలు, ఒక్కొక్కటీ బుగ్గలు పూరించుకుని. ఎదురుగా మూడంతస్తుల బలిపీఠం, కొయ్యలో చెక్కిన తీగలు, ద్రాక్షగుత్తులు, వాటి మీద బంగారు రేకు. పక్కగోడలకు సిలువ మార్గం పద్నాలుగు పటాలు. వాకిలి ఉన్న గోడలో, బాగా ఎత్తున, గుండ్రటి రంగుటద్దాల కిటికీ. సాయంత్రం పూజకు వచ్చినవాళ్ళ వీపుల మీద ఎరుపూ నీలమూ పడేది దాన్లోంచే. ఆ కిటికీ కింద, వాకిలికి పైన, పాటలు పాడేవాళ్ళ కోసం కట్టిన పెద్ద చెక్క అటక. అందరూ పాటల అటక అంటారు. దాన్ని మోసేవి నాలుగు చలువరాతి స్తంభాలు, గులాబీ రంగు మీద తెల్లవీ బూడిదవీ గీతలతో.

చలువరాతి స్తంభాలు అన్నాను గదా, అక్కడే ఉంది తిరకాసు. ఆ గుడిలో కళ్ళు చెదరగొట్టేదాంట్లో సగం ఉత్తిదే. బలిపీఠం వెనక వేలాడే ఎర్ర మఖమలు తెర గోడ మీద వేసిన బొమ్మ. బంగారం ఉల్లిపొర కంటే పలచన. ఇక స్తంభాలు అసలు రాయే కాదు. కట్టినవాళ్ళ దగ్గర భక్తి దండిగా ఉంది, డబ్బు లేదు. చలువరాయి తెప్పించే తాహతు లేక పెద్ద పెద్ద మానులు నిలబెట్టి, వాటి చుట్టూ తాడు బిగించి, తాడు మీద సున్నం మెత్తి, సున్నం మీద రంగు వేశారు. మోసం అని తొందరపడి నోరు పారేసుకోకండి. ఉన్నంతలో దేవుడి ఇల్లు దర్జాగా ఉండాలనుకోవడం మోసమైతే, చుట్టాలొస్తున్నారని పక్కింటి కుర్చీలు తెచ్చి వేసుకునేవాళ్ళందర్నీ జైల్లో పెట్టాలి.

ఆ రంగు పని మేస్త్రి తండ్రిది, ఆయన తర్వాత మేస్త్రిది. పద్దెనిమిదేళ్ళకి తండ్రి పక్కన నిచ్చెన ఎక్కాడు. పలచటి నూనెరంగు పూసి, తడి ఆరకముందే ఈక కొనని వేళ్ళ మధ్య దొర్లిస్తూ గీత లాగాలి. "చెయ్యి వణకాలిరా," అనేవాడు తండ్రి. "వణక్కుండా గీస్తే అది గోడ మీద గీత. వణికితే రాతిలో గీత. ఎక్కణ్ణించో రావాలి, ఎక్కడికో పోవాలి. మధ్యలో పుట్టి మధ్యలో చచ్చే గీత రాయిలో ఉండదు." ఆరాక తేనెమైనం పూసి పాత గుడ్డతో గంటల తరబడి రుద్దాలి. అప్పుడు చెంప ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఎండన పడి వచ్చిన యాత్రికులు ఆ స్తంభాలకి చెంపలు ఆనించి, "అబ్బ, చలువరాయంటే చలువరాయే!" అంటుంటే తండ్రీ కొడుకులు గోడవైపు తిరిగి నవ్వుకునేవారు.

రంగు కంటే పెద్ద విద్య ఇంకొకటి నేర్పాడు తండ్రి. అది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పొద్దన్నాడు. సున్నం పని అన్నాక పగుళ్ళు తప్పవు. ఎక్కడో సన్నగా చీలుతుంది. "పూడ్చకు," అన్నాడు తండ్రి. "పూడ్చిన పగులు మూడు నెలల్లో మళ్ళీ నోరు తెరుస్తుంది, నీకు పని రాదని ఊరందరికీ చెబుతుంది. దాన్నే గీత చెయ్యి. దాని పొడుగునా ఈక నడిపించు. ఒంటరిగా మాత్రం వదలకు, ఒంటి గీత మీద అందరి కళ్ళూ పడతాయి. పక్కన రెండు తోడు గీతలు వెయ్యి. ఇక దాన్ని కనిపెట్టే మొనగాడు పుట్టలేదు."

నిజంగానే పుట్టలేదు. ఏ ఫాదర్ వచ్చినా, ఏ పెద్దలు వచ్చినా ఆ స్తంభాల మీద ఒక్క పగులు చూడలేదు. గీతలు మాత్రం ఏటికేడాది పెరిగాయి, ఒక్కో పగులుకి మూడేసి చొప్పున. పాత ఫొటోల్లో ఆ స్తంభాలు బోసిగా ఉంటాయి. మేస్త్రికి యాభై దాటేసరికి గీతలతో కళకళలాడిపోయాయి. వయసొచ్చేకొద్దీ రాయికి అందం వస్తోందని ఊళ్ళో వాళ్ళు మురిసిపోయేవారు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో స్తంభం మీద నది ఉండేది. పైనుంచి కిందిదాకా ఒకే తెల్లటి గీత, మూడుచోట్ల మెలి తిరిగి, ఒకచోట రెండుగా చీలి మళ్ళీ కలిసేది. దానికి నది అని పేరు పెట్టింది యాత్రికులే. అది తండ్రి గీసింది. "నువ్వు పుట్టిన వారం గీశాను," అని చెప్పేవాడు, కొడుకు తల నిమురుతూ. మేస్త్రి చెయ్యి తిరిగింది ఆ గీత మీదే. మూడేళ్ళకోసారి మైనం కడిగి, తండ్రి నడిచిన దారినే హంస ఈకతో మళ్ళీ నడిచేవాడు. ఆ గుడి మొత్తంలో ఏదీ దాచడానికి కాకుండా, కేవలం సంతోషం పట్టలేక గీసిన గీత అదొక్కటే అని అతని నమ్మకం. తండ్రి పోయిన రోజు ఇంట్లో అతనికి ఏడుపు రాలేదు. గుడికి వెళ్ళి నది ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

అతనికి పెళ్ళయ్యాక భార్యతో పాటు ఆమె తమ్ముడూ ఆ ఇంటికి వచ్చాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అక్కే పెంచింది. వాణ్ణి వదిలి కాపురానికి రానంది. సరే, ఇంకో కంచం పెడితే ఇల్లేం కూలిపోదన్నాడు మేస్త్రి. అలా వచ్చినవాడు ముప్పై ఏళ్ళు ముందుగదిలోనే ఉండిపోయాడు, పెళ్ళీ పెటాకులూ లేకుండా. పాటల అటక మీద గొట్టాల ఆర్గన్ ఉండేది, హార్మోనియంకి ముత్తాతలాంటిది. దానికి గాలి ఊదే తోలు తిత్తుల్ని తొక్కే పని అతనిది. అందుకని తిత్తులాయన అన్నారు. మనిషి భారీ, నోరు ఇంకా భారీ. అతను ఎక్కుతుంటే అటక మెట్లు మూలిగేవి. "మెట్లకి నా మీద ప్రేమ ఎక్కువ, ఊరికే పలకరిస్తుంటాయి," అనేవాడు.

స్తంభాలు రాయి కాదని ఇంట్లో అందరిలాగే అతనికీ తెలుసు. "మీ నాన్నా నువ్వూ కలిసి దేవుడికే టోపీ పెట్టారు గదా బావా!" అని ఆటపట్టించేవాడు.

"దేవుడికి అన్నీ తెలుసులేరా. ఫాదర్‌కే తెలియదు. నోరు మూసుకుని నీ తిత్తి తొక్కు," అనేవాడు మేస్త్రి.

కానీ గీతల కింద ఏముందో బామ్మర్దికి కూడా తెలియదు. అది తండ్రీ కొడుకుల మధ్యే ఉండిపోయింది.

మేస్త్రికి ఒక్కతే కూతురు. మేనమామ భుజాల మీద కూర్చుని అటక ఎక్కింది. తొమ్మిదో ఏట ఆర్గన్ ముందు కూర్చుంది. ఇరవై ఆరేళ్ళు వచ్చేసరికి గుడిలో ఆర్గన్ వాయించే మనిషి ఆమే. రోజూ పొద్దున పూజ అయ్యాక ఓ గంట సాధన చేసేది. పైన మామయ్య తిత్తి తొక్కుతూ, మేనకోడలు వాయిస్తూ. కింద మేస్త్రి మైనం గుడ్డతో స్తంభం రుద్దుతూ. లావుపాటి గొట్టాలు పలికినప్పుడు అరచేతి కింద స్తంభం సన్నగా గుంయ్ మనేది. నీకు జీవితంలో సుఖం ఏదయ్యా అని అడిగితే మేస్త్రి ఆ గంట పేరే చెప్పేవాడు.

అప్పుడు కొత్త ఫాదర్ వచ్చారు. మంచివారే, కాని చేతులు ఊరుకోని రకం. ఎక్కడో మూతపడ్డ గుడిలోంచి పెద్ద ఆర్గన్ ఒకటి దానంగా సంపాదించారు. పాతదానికి మూడింతలు. మోటారు కూడా ఉంది. అయినా తిత్తులాయన్ని మానిపించలేదు, కరెంటు పోతే పూజ మధ్యలో ఎవరు దిక్కు అన్నారు. కూతురికి కాళ్ళు నేల మీద నిలవలేదు. అన్నం తింటూ కూడా బల్ల మీద వేళ్ళు ఆడించేది.

అంత బరువు అటక ఆపుతుందా లేదా చూడమని ఫాదర్ ఒక ఇంజనీరుని పిలిపించారు. ఆయన సందుసందుకీ దూరి దూలాలు కొలిచాడు, పునాది గుంట తవ్వించి చూశాడు. చివరికి స్తంభాల దగ్గరికి వచ్చి మూడోదాన్ని అరచేత్తో నిమిరాడు.

"ఇలాంటి గీతల రాయి ఈ రోజుల్లో దొరకదు ఫాదర్. ఇన్నేళ్ళలో ఒక్క పగులు లేదు చూడండి. రెండు ఆర్గన్లు పెట్టుకోండి, ఏం కాదు." మేస్త్రి వైపు తిరిగాడు. "వీటికి పాలిష్ పెట్టేది మీరేనటగా?"

మాట మేస్త్రి గొంతు దాకా వచ్చింది. ఇది రాయి కాదండీ, కొయ్య. ఇవన్నీ గీతలు కావండీ, పగుళ్ళు. రెండే ముక్కలు. పైన కూర్చునేది తన కూతురని అతనికి తెలియదా? తెలుసు. కాని ఎదురుగా ఉన్నవాడు పెద్ద చదువులు చదివినవాడు, రాళ్ళూ కట్టడాలూ చూసి బతికేవాడు. అంతటివాణ్ణి తన ఈక బోల్తా కొట్టించింది. నాన్న ఉండి ఈ మాట వినాల్సింది అనుకున్నాడు. ఛాతీ పొంగిపోయింది.

"అవునండి, నేనే," అన్నాడు.

బయటికి రాగానే తిత్తులాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "కొయ్యని నిమిరి రాయంటాడేంటి బావా! ఇంకాసేపు ఉంటే ముద్దు పెట్టుకునేవాడు." మేస్త్రీ నవ్వాడు. ఇన్నేళ్ళు మోసిన స్తంభాలు, ఇక ముందూ మోస్తాయి, ఏమవుతుంది అనుకున్నాడు. ఏమవుతుంది అనుకోవడం ఎంత తేలికో చూడండి.

ఆర్గన్ వచ్చింది. తాళ్ళతో ముక్కలు ముక్కలుగా పైకి లాగి, మూడు వారాలు బిగించారు. మొదటి ఆదివారం అది మోగితే రంగుటద్దాలు గలగలలాడాయి. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఫాదర్ ప్రసంగంలో మేస్త్రి కూతురి పేరు ప్రత్యేకంగా చెప్పారు.

ఆ తర్వాత పది రోజులకి, గుడి ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

"ఏం మేస్త్రీ, రాయి కూడా పొడి రాలుస్తుందా? రోజూ ఊడుస్తున్నా, రోజూ ఉంటోంది."

మూడో స్తంభం మొదట్లో చిటికెడు తెల్లటి పొడి. మేస్త్రి నిచ్చెన వేసుకుని ఎక్కాడు. రెండు నిలువుల ఎత్తున ఒక బూడిదరంగు గీతలో బొటనవేలి గోరు దిగింది. అయినా చెయ్యి అలవాటు మానదు గదా. పూడ్చొద్దన్న నాన్న మాట కూడా మరిచి, మైనంలో సున్నం కలిపి గీతని నింపాడు. పైన ఈకతో రంగు నడిపాడు. పక్కన రెండు తోడు గీతలు కూడా వేశాడు. మర్నాడు చూస్తే అది మళ్ళీ తెరుచుకుని ఉంది. ఈసారి గోరు కాదు, వేలి కొన పట్టింది.

పైన కూతురు వాయిస్తోంది. లావుపాటి గొట్టం పలికింది. స్తంభం మీద పెట్టిన అతని అరచేతికి గుంయ్ మన్న చప్పుడు తగల్లేదు, గరగరమని తగిలింది. "అమ్మాయీ, దిగు! మామయ్యనీ దిగమను. ఇప్పుడే!" అని అరిచాడు. గుడిలో అతను గొంతెత్తడం అదే మొదలు. వాళ్ళిద్దరూ బిత్తరపోయి దిగి వచ్చారు. అక్కణ్ణించి తిన్నగా ఫాదర్ గదికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పేశాడు. కొయ్య సంగతి, పగుళ్ళ సంగతి, తండ్రి నేర్పిన సంగతి, తోడు గీతల సంగతి. తలుపు దగ్గర నిలబడి బామ్మర్దీ కూతురూ కూడా విన్నారు. బామ్మర్ది నోట జోకు రాలేదు.

మధ్యాహ్నానికి ఇంజనీరు వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. గుడి ఖాళీ చేయించి తలుపులు మూయించాడు. మూడో స్తంభం మీద సుత్తితో ఒకటిచ్చాడు. పెళ్ళ ఊడి, లోపల తాడూ కొయ్యా కనిపించాయి.

"ఆ రోజు నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

మేస్త్రి తల వంచుకున్నాడు. సమాధానం ఉంది. గర్వం అని. అది నోటితో చెప్పలేకపోయాడు.

పక్క వీధిలో కట్టుబడి జరుగుతున్న చోట అడిగితే ఒక జత ఇనప ఊతలు దొరికాయి. ఒక స్తంభానికి సరిపోతాయి. మిగతావి సాయంత్రానికి గాని రావు. "ఏ స్తంభానికి పెట్టాలి?" అన్నాడు ఇంజనీరు. "వీటిల్లో ఏది పగులో, ఏది బొమ్మో నాకు తెలియడం లేదు. గీసింది మీరు. మీరే చెప్పాలి."

మేస్త్రి నాలుగు స్తంభాల చుట్టూ తిరిగాడు. ఒకసారి, రెండుసార్లు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఏం చెప్పను, అతనికీ తెలియలేదు! ఇది నాన్న దాచిన పగులా, దానికి వేసిన తోడు గీతా? ఇది పదేళ్ళ కిందట తను వేసిందా, అంతకుముందే ఉందా? నలభై ఏళ్ళు తన చేత్తో గీసినవి, ఏదీ గుర్తుపట్టలేకపోయాడు. ఫాదర్ చూస్తున్నారు, ఇంజనీరు చూస్తున్నాడు, కూతురు చూస్తోంది. తెలియదు అనే మాట ఆ రోజు అతను చెప్పగలిగిన ఒకే ఒక్క మంచి మాట.

"మూడోది," అన్నాడు. "పొడి రాలుతోంది దాన్నుంచే. మిగతావి గట్టివండి."

"కచ్చితంగా?"

"కచ్చితంగా."

మూడోదానికి ఊతలు బిగించారు. ఇంజనీరు మనసు కుదుటపడలేదు. సుత్తి తీసుకుని మొదటి స్తంభం కొట్టాడు, నాలుగోది కొట్టాడు, రెండూ గట్టిగానే పలికాయి. రెండోదాని ముందుకు వచ్చి నది మీద సుత్తి ఎత్తాడు. మేస్త్రి అడ్డం వెళ్ళి నిలబడ్డాడు, వీపు స్తంభానికి ఆనించి.

"దాన్ని కొట్టకండి సార్. దణ్ణం పెడతాను. అది మా నాన్న గీసింది, నేను పుట్టిన వారం. అది పగులు కాదు. దాని కింద ఏమీ లేదు."

కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్న పెద్దవయసు మనిషిని పక్కకి నెట్టడం ఇంజనీరు వల్ల కాలేదు. సుత్తి దించాడు. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆయన కూడా నిద్రపోయి ఉండడు.

సాయంత్రం దాకా ఆగాలి. అంతలో తిత్తులాయన ముందుకు వచ్చాడు. "సార్, కొత్త ఆర్గన్ తిత్తి మీద గాలిని అదమడానికి ఇనప దిమ్మెలున్నాయి, పన్నెండు. అవి దించేస్తే చాలా బరువు తగ్గుతుంది. ఎక్కడెక్కడున్నాయో నాకు తెలుసు. పది నిమిషాల పని." ఇంజనీరు వద్దన్నాడు. మళ్ళీ మేస్త్రి వైపు చూశాడు. "మీరేమంటారు?"

మేస్త్రి తల ఊపాడు. వెళ్ళొచ్చన్నట్టే ఊపాడు.

"నేనూ వస్తా మామయ్యా, ఇద్దరమైతే తొందరగా అయిపోతుంది," అని కూతురు మెట్ల వైపు కదిలింది. మేస్త్రి చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఆమెకి నొప్పితో కేక వచ్చింది.

"నువ్వొద్దు," అన్నాడు.

తిత్తులాయన మొదటి మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. పొద్దున్నించీ పోయిన నవ్వు ముఖం మీదికి తిరిగి వచ్చింది. "అది వేలెడంత మనిషి బావా. బరువు చూసి ఆపాలంటే నన్ను ఆపాలి గాని!"

మేస్త్రి కూడా నవ్వాడు. కూతురి చెయ్యి మాత్రం వదల్లేదు. మెట్లు మూలిగాయి, ఎప్పట్లాగే.

నాలుగు దిమ్మెలు తాడుతో దించాడు. ఐదోది ఎత్తుతున్నాడు కాబోలు. రెండో స్తంభం మీద నది, మొదటి మెలిక దగ్గర, నల్లగా మారింది. మేస్త్రి దాన్ని చూశాడు. తెల్ల గీత నల్లబడ్డమేమిటి అనుకున్నాడు, అంతే, అంతకంటే ఆలోచించే వ్యవధి లేదు. సున్నం పలకలు పలకలుగా ఊడిపోయింది. లోపల మాను లేదు, చెదలు తిని వదిలిన పొట్టు ఉంది, అది గుప్పున కారిపోయింది. అటక ఆ మూల నుంచి వంగి, ఆర్గన్ గొట్టాలన్నీ ఒక్కసారి ముందుకి ఒరిగి, మనిషితో సహా వాకిట్లోకి వచ్చి పడ్డాయి.

దుమ్ము అణిగాక చూస్తే మూడో స్తంభం ఊతల మధ్య చెక్కు చెదరకుండా నిలబడి ఉంది.

తిత్తులాయన్ని బయటికి తీయడానికి రెండు గంటలు పట్టింది. ప్రాణం అప్పటికే లేదు. అక్క వచ్చి, ఎవర్నీ తాకనివ్వకుండా, తమ్ముడి ముఖం మీది సున్నం తన చీర కొంగుతో తుడిచింది. నాలుగేళ్ళ వయసులో తుడిచినట్టే తుడిచింది. ఆమె ఏడుపు విన్నవాళ్ళెవరూ ఇప్పటికీ దాని గురించి మాట్లాడరు.

విచారణలు జరిగాయి. మేస్త్రి తప్పంతా నాదే అని అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఇంజనీరు కాదు, నాది అన్నాడు. స్తంభాలు రాయివని మొదట కాగితం మీద రాసింది ఎవరు అన్నది తేలక, కాగితాలు కొన్నాళ్ళు తిరిగి ఆగిపోయాయి. దేవుడు క్షమిస్తాడన్నారు ఫాదర్. మేస్త్రి "ఆయన సంగతి కాదు ఫాదర్" అన్నాడు.

పాటల అటక మళ్ళీ కట్టలేదు. ఆ చోట ఇప్పుడు గోడా కిటికీ తప్ప ఏమీ లేవు. మిగిలిన మూడు స్తంభాలు తీసేయకముందు వాటి మీది సున్నం గీకి లోపల ఎలా ఉందో చూడాలన్నారు. ఆ పని నేనే చేస్తానన్నాడు మేస్త్రి. ఎవరూ కాదనలేదు. ఇరవై రోజులు గీకాడు. ఈకతో నడిచిన దారుల్నే ఇనప బిళ్ళతో నడిచాడు. మొదటిదాంట్లో మాను గట్టిగా ఉంది. నాలుగోదాంట్లో గట్టిగా ఉంది. తను వేలెత్తి చూపించిన మూడోదాంట్లో కూడా గట్టిగానే ఉంది. వేలి కొన పట్టిన ఆ పగులు సున్నంలోనే, రెండంగుళాల లోపలే ఆగిపోయింది. శిథిలాల్లోంచి నది ముక్కలు కొన్ని ఏరి పెట్టారు. వాటిని వెనక్కి తిప్పి చూస్తే, గీత వెంబడే లోపలిదాకా పాత మసి, తండ్రి అదిమి పూసిన మైనం. అరవై ఏళ్ళ నాటి పగులు. తను పుట్టిన వారం నాన్న సంతోషం పట్టలేక గీశాడో, భయపడి గీశాడో అడగడానికి ఎవరూ లేరు.

ఇంట్లో ముందుగది తలుపు మూసే ఉండేది. కూతురు మణికట్టు మీద నీలం మచ్చ పసుపుపచ్చగా మారి పోయింది. ఆమె ఆర్గన్ మాటే ఎత్తలేదు, బల్ల మీద వేళ్ళు ఆడించడం మానేసింది. భార్య వండి పెట్టేది, బట్టలు ఉతికేది, అడిగితే జవాబు చెప్పేది. ఒక్కసారి కూడా అతన్ని తిట్టలేదు. తిడుతుందని రోజూ ఎదురు చూశాడు. తిడితే బాగుండును అనుకున్నాడు.

గీకడం ముగిసిన రోజు మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. మోచేతుల దాకా సున్నం. పెరట్లో గోలెం దగ్గర చేతులు చాచి నిలబడ్డాడు. భార్య చెంబుతో నీళ్ళు పోస్తోంది. రెండు చెంబులు పోశాక, మూడోది ముంచి, పోయకుండా ఆగింది.

"నిన్నొకటి అడుగుతా," అంది. "గట్టిగా ఉందని అందరికీ చెప్పావు. మరి అమ్మాయిని ఎందుకు ఆపావు?"

మేస్త్రి ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"దానికి చెయ్యి కమిలేలా పట్టుకున్నావంటే నీకు అనుమానం ఉంది. నీ కూతురు ఎక్కకూడదనేంత అనుమానం ఉంది. మరి నా తమ్ముణ్ణి ఎందుకు ఎక్కనిచ్చావయ్యా?"

కచ్చితంగా అన్న మాట అందరి ముందూ అనేశాను, వాణ్ణి ఆపితే ఆ మాట పోతుంది. అది జవాబు. ఇన్నాళ్ళూ అతని లోపల కదులుతున్నది అదే. నోరు తెరిచాడు. "పరువు," అన్నాడు. ఆ ఒక్క మాటే వచ్చింది.

ఆమె చెంబు గోలెం అంచు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి చేతులు ముందుకు చాచుకునే ఉన్నాడు. సున్నం ఇంకా సగం వదల్లేదు.